ఏడ్చే పిల్లల ఆయా ఎలీసబెతు

పిల్లలకు తల్లి కావాలన్న సంగతి కనిపెట్టడానికి దొరలకు ఒక ప్రపంచ యుద్ధం, నలభై నలుగురు చిన్న దొంగలు, గంపెడు కోతిపిల్లలు అవసరమయ్యాయి. ఆ వార్త బందరు చేరడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. చేరాక కూడా అది డాక్టర్ పూర్ణచంద్రరావు బీరువాలో, షాపువాడు వేసిన కవరు విప్పని పుస్తకంగా, కలరా ఉండల పక్కన పడి ఉంది. ఆ పుస్తకాన్ని ఆయనకన్నా ముందు చదివినవాణ్ణి నేను. దాన్ని చదవకుండానే అందులోని సారమంతా తెలిసిన మనిషి ఆయన నర్సింగ్ హోములో ఆయా. పేరు ఎలీసబెతు.

ముందు ఆయన సంగతి చెప్పి వదిలించుకుంటాను. పూర్ణచంద్రరావుది నందివాడ దగ్గర ఊరు. మాగాణి ఉన్న కుటుంబం. అరవైలలో ఇంగ్లండు వెళ్ళి మూడేళ్ళుండి, ఒక డిప్లొమా, ఒక టై, ఒక ఇత్తడి గంట తెచ్చుకున్నాడు. వాటితో పాటు ఒక నియమం కూడా తెచ్చాడు. ఆసుపత్రిలో ఉన్న పిల్లల దగ్గరికి తల్లిదండ్రులను రానివ్వకూడదు, ఆదివారం నాలుగు నుంచి ఐదు వరకు తప్ప. ఆయన ఇంగ్లండులో దిగేనాటికే ఆ దేశంవాళ్ళు ఆ నియమాన్ని వదిలించుకునే పనిలో ఉన్నారు. వాళ్ళు పెరట్లో పారేస్తున్నదాన్ని ఈయన ఏరుకుని, జాగ్రత్తగా ట్రంకుపెట్టెలో పెట్టుకుని ఓడెక్కాడు.

ఆదివారం ఐదు కాగానే ఆ ఇత్తడి గంట కొట్టేవారు. ఆ మోతకు గిలకలదిండి రేవులో చేపల వేలంపాట ఆగిపోయేదనీ, సముద్రంలోకి వెళ్తున్న పడవలు వెనక్కి తిరిగేవనీ చెబితే మీరు నమ్మరు. సగం నమ్మండి చాలు. గంట మోగగానే తల్లులు పిల్లల చేతులనుంచి కొంగులు విడిపించుకుని బయటికి నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదని కూడా నియమం. చూస్తే పిల్లలు చెడిపోతారట.

ఇంతా చేసి జనం అక్కడికి ఎందుకు వెళ్ళేవారంటే, ఎముకలు అతికించడంలో ఆయన చెయ్యి మంచిది. అది ఒప్పుకోవాలి. ఎముక చుట్టూ ఒక పిల్లాడు కూడా ఉంటాడన్న సంగతే ఆయనకు తట్టేది కాదు.

ఎలీసబెతుది ముదినేపల్లి పక్కన పల్లె. మూడో తరగతితో చదువు ఆగింది. రిక్షా తొక్కే మోషేను చేసుకుని బందరు వచ్చింది. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్ళు. నాలుగో రోజున చర్చివాళ్ళు గంజి డేగిశాలతో లారీ ఎక్కించి కొందరు ఆడవాళ్ళను దివిసీమ పంపారు. వాళ్ళలో ఈమె ఒకతె. అక్కడ ఒక బడి వరండాలో తల్లులు కొట్టుకుపోయిన పిల్లలను చేర్చారు. గుక్కపట్టి ఏడ్చేవాళ్ళ చుట్టూ అందరూ చేరేవారు. ఒక మూల నాలుగేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. గంజి పెడితే తాగేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని వచ్చినవాళ్ళంతా ఆ పిల్లను మెచ్చుకున్నారు. తొమ్మిదో రోజున ఆ పిల్ల గంజి మానేసింది. పన్నెండో రోజున చనిపోయింది. జ్వరం కూడా లేదు.

“మెచ్చుకుని మెచ్చుకుని పోగొట్టుకున్నాం మాస్టారండీ,” అని ఎలీసబెతు ఒకసారి నాతో అంది. అంతకుమించి దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఆమెకు ఏడ్చే పిల్లలంటే భయం పోయింది. నోరు మూసుకున్న పిల్లలంటేనే భయం.

నర్సింగ్ హోములో నాకేం పని అంటారా? నేను కాన్వెంటులో చదివాను. అందువల్ల నా ఇంగ్లీషు మీద నాకన్నా ఊళ్ళోవాళ్ళకు నమ్మకం ఎక్కువ. బడి పంతులుగా రిటైరయ్యాక పూర్ణచంద్రరావు నన్ను పిలిపించి, డాక్టర్ల సభలో తాను చదవబోయే వ్యాసాన్ని దిద్దిపెట్టమన్నాడు. వార్డు పక్క వరండాలో ఒక బల్ల, కుర్చీ వేయించాడు. వ్యాసం సారం ఏమిటంటే, తల్లులకు దూరంగా ఉంచితే పిల్లలు త్వరగా కోలుకుంటారు, ధైర్యంగా పెరుగుతారు. ఇలాంటివి పన్నెండు పేజీలు. వాక్యాలు కుంటుతున్నా ఆత్మవిశ్వాసానికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు.

అది తొంభై ఆరు ఫిబ్రవరి. నేను వెళ్ళిన రెండోరోజునే నాగాయలంక వైపు నుంచి రెండేళ్ళ పిల్లాణ్ణి తీసుకొచ్చారు. ట్రాక్టరు ట్రక్కు మీదినుంచి పడి తొడ ఎముక విరిగింది. పేరు శోభనాద్రి. తాత పేరట. అంత చిన్నవాడికి అంత పెద్ద పేరు మొయ్యడమే కష్టం, ఇంక కాలు కూడా విరిగింది. వాళ్ళ నాన్న యలమంద రొయ్యల చెరువుల దగ్గర కాపలా మనిషి. బిడ్డను దించి, పని పోతుందని సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. తల్లి అమ్మాజీ మాత్రం కదల్లేదు.

పిల్లాడి రెండు కాళ్ళకూ పట్టీలు చుట్టి పైన కడ్డీకి కట్టి వేలాడదీశారు. నాలుగు వారాలు అలాగే ఉండాలి. అమ్మాజీని గేటు బయటికి పంపారు. ఆమె ఎదురుగా ఉన్న కాలవగట్టున కూర్చుంటే, చీకటి పడేవేళ ఎలీసబెతు చెయ్యి పట్టి తన ఇంటికి తీసుకుపోయింది.

మొదటి మూడు రోజులు వాడు గొంతు పోయేదాకా ఏడ్చాడు. తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూసి, వచ్చింది తల్లి కాదని తెలియగానే మళ్ళీ మొదలుపెట్టేవాడు. తర్వాత రెండు రోజులు మూలుగుతున్నట్టు సన్నగా ఏడ్చాడు. ఏడో రోజుకు ఆగిపోయాడు. అన్నం పెడితే నాలుగు మెతుకులు తినేవాడు. బొమ్మ ఇస్తే పట్టుకునేవాడు, తీసేసుకుంటే ఇచ్చేసేవాడు. తలుపు చప్పుడైతే అటు చూడటం మానేశాడు.

పూర్ణచంద్రరావు రౌండ్స్‌కు వచ్చి వాడి బుగ్గ మీద తట్టి “గుడ్ బాయ్” అన్నాడు. మేట్రన్ రాజమ్మ కేసు షీటులో ‘సెటిలయ్యాడు’ అని రాసింది.

ఎలీసబెతు ఆగలేకపోయింది. “అయ్యగారండీ, వీడు ఊరుకోలేదండీ. వదిలేశాడండీ.”

“ఏం వదిలేశాడు?”

“ఆశండీ.”

ఆయన మేట్రన్ వైపు తిరిగి నవ్వాడు. “చూశావా రాజమ్మా, మన ఆయాకి సైకాలజీ కూడా వచ్చు. రేపటినుంచి మనం నేల తుడుద్దాం, రౌండ్స్ ఈవిడ చేస్తుంది.” రాజమ్మ నవ్వింది. నవ్వడం ఆమె ఉద్యోగంలో భాగం.

ఆదివారం నాలుగింటికి అమ్మాజీ జంతికల పొట్లంతో లోపలికి పరుగెత్తింది. మంచం మీదికి వంగి “నాయనా, నా బంగారం” అంది. పిల్లాడు ఆమెను చూశాడు. దారినపోయే మనిషిని చూసినట్టు చూసి, గోడవైపు మొహం తిప్పుకున్నాడు. ఆమె ఆ పక్కకు వెళ్ళింది. వాడు ఈ పక్కకు తిప్పుకున్నాడు. గంటసేపూ అంతే. ఐదింటికి గంట కొట్టారు. కొంగు విడిపించుకోవాల్సిన అవసరం కూడా ఆమెకు రాలేదు. వాడు పట్టుకోలేదు.

“చూశావా, ఎంత బుద్ధిగా ఉన్నాడో,” అంది రాజమ్మ.

వరండా మెట్ల మీద అమ్మాజీ కూలబడింది. “నన్ను ఎరగనట్టు చూశాడక్కా. కాలు పోయినా పర్లేదు, నా బిడ్డకి నేను గుర్తు లేను.”

“గుర్తున్నావు కాబట్టే మొహం తిప్పాడు. లే, లేచి మొహం కడుక్కో,” అంది ఎలీసబెతు. మాట గట్టిగానే ఉంది కానీ, ఇంకా మూడు వారాలుంది. అప్పటికి ఆ పిల్లాడు ఎక్కడిదాకా వెళ్ళిపోతాడో ఆమె ఒకసారి చూసి ఉంది.

సరిగ్గా ఆ మర్నాడే పూర్ణచంద్రరావు బీరువా తెరిచి నాకు ఆ పుస్తకం ఇచ్చాడు. ఎవరో మందుల కంపెనీ కుర్రాడు బహుమతిగా ఇచ్చిందట. “ఇది ఈ సబ్జెక్టులో పెద్ద గ్రంథం మాస్టారూ. దీంట్లోంచి ఓ నాలుగు కొటేషన్లు తీసి నా పేపర్లో అక్కడక్కడా చల్లండి,” అన్నాడు, మజ్జిగలో కొత్తిమీర సంగతి చెప్పినట్టు.

రెండు రోజుల్లో చదివేశాను. ఆ పుస్తకం చెప్పేదంతా ఆయన వ్యాసానికి నూటికి నూరుపాళ్ళు వ్యతిరేకం. దాన్ని అనుబంధ సిద్ధాంతం అంటారు. అది పుట్టిన తీరు చదువుతుంటే పెద్దమనుషుల మీద మిగిలిన కాస్త గౌరవమూ పోయింది.

ఇరవైలలో అమెరికాలో ఒక ప్రొఫెసరు పిల్లలను ముద్దు పెట్టుకోవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే లేవగానే షేక్‌హ్యాండ్ ఇవ్వండి అని రాశాడు. చదువుకున్న తల్లులు వేలమంది అది నమ్మారు. లండన్‌లో పిల్లల ఆసుపత్రులు వారానికి ఒక గంటో రెండు గంటలో తల్లులను రానిచ్చేవి. కొన్నిచోట్ల మొదట్లో అదీ లేదు, నిద్రపోతున్న పిల్లలను మాత్రం చూసి వెళ్ళవచ్చు. ఆ లండన్‌లోనే కలిగినింటి డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయనను పెంచింది ఆయాలు. తల్లి రోజుకు ఒక గంట, టీ అయ్యాక కనిపించేది. ఇష్టమైన ఆయా ఆయనకు నాలుగేళ్ళు రాకముందే వెళ్ళిపోయింది. పెద్దయ్యాక ఆయన దగ్గరికి దొంగతనాలు చేసే పిల్లలను తెచ్చేవారు. నలభై నలుగురి చరిత్రలు రాసి చూస్తే, వాళ్ళలో ఎవరిమీదా ప్రేమ లేనట్టు బండబారినవాళ్ళు చాలామంది పసితనంలో తల్లికి నెలల తరబడి దూరమైనవాళ్ళే. యుద్ధం అయ్యాక ఇల్లూ తల్లీ లేని పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయనచేతనే నివేదిక రాయించింది. బాతుపిల్లలు పుట్టగానే కనిపించినదాని వెంట పడతాయని మరొకాయన, పాలిచ్చే ఇనప తీగల బొమ్మను వదిలి మెత్తటి గుడ్డబొమ్మను కోతిపిల్లలు కరుచుకుంటాయని ఇంకొకాయన తేల్చారు. ఉగాండా పల్లెల్లో తల్లుల దగ్గర కూర్చుని చూసి వచ్చిన ఒకావిడ ఒక పరీక్ష తయారుచేసింది. తల్లి గదిలోంచి బయటికి వెళ్ళి తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తాడో చూడాలి. అంతే.

వీళ్ళందరిలో నాకు నచ్చినవాడు ఒకడే. యుద్ధకాలంలో లండన్‌లో ఒక పిల్లల శరణాలయంలో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. ఆ శరణాలయం నడిపే ఆవిడ తెలివైనది. పనివాళ్ళందరూ, బాయిలర్‌వాడితో సహా, పిల్లలలో తాము గమనించింది చీటీల మీద రాయాలని నియమం పెట్టింది. ఆ మనిషి తర్వాత లండన్ డాక్టరు దగ్గర చేరి, ఆసుపత్రి వార్డుల్లో కూర్చుని ఒంటరి పిల్లలను చూశాడు. మూడు మెట్లు అన్నాడు. ముందు గోల. తర్వాత దిగులు. తర్వాత ఏమీ పట్టనట్టు ఉండటం. ఈ మూడో మెట్టునే నర్సులు సెటిలయ్యాడంటారు, అదే అన్నిటికన్నా ప్రమాదం అన్నాడు. రెండేళ్ళ పిల్ల ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఎలా మారిపోయిందో ఫిల్ము తీసి డాక్టర్ల సభలో చూపిస్తే పెద్ద డాక్టర్లు ఆయన మీద మండిపడ్డారు.

మధ్యాహ్నం వరండాలో ఎలీసబెతును పిలిచి ఇదంతా తెలుగులో చెప్పాను. చేటలో బియ్యం ఏరుతూ వింది.

“మరి ఆ బాయిలరాయన చెప్పగానే విన్నారాండీ?”

“ఎక్కడ. ఏళ్ళు పట్టింది.”

“అంతేలెండి. బొగ్గు చేతులు కదా.” చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. “మూడో మెట్టు కాడికి పోయినోడు వెనక్కొస్తాడంటాడా?”

“తల్లి తొందరగా దగ్గరికి వస్తే వస్తాడట. ముందు ఎరగనట్టే ఉంటాడు. తర్వాత కోపం వస్తుంది, ఏడుస్తాడు. ఆ తర్వాత చాలాకాలం కొంగు వదలడు.”

“అయితే తొందరపడాలండీ,” అని చేట పక్కన పెట్టి లేచింది.

ఆ నర్సింగ్ హోములో ఒక అలవాటు ఉండేది. పనివాళ్ళలో ఎవరైనా సెలవు పెడితే, బదులు మనిషిని వాళ్ళే తెచ్చి నిలబెట్టాలి. వదినో, తోడికోడలో, ఎవరో ఒకరు. చీపురు కదులుతున్నంతవరకు దాన్ని పట్టుకున్నది ఎవరని ఎవరూ అడగరు. వార్డు ఊడ్చే గ్రేస్ అప్పటికి నిండు గర్భిణి. పుట్టింటికి వెళ్ళడానికి ఇంకా పదిరోజులుందని అనుకుంటుంటే, ఎలీసబెతు ఆ సాయంత్రమే ఆమెను బస్సెక్కించింది.

మర్నాడు పొద్దున్న గ్రేస్ బదులు మనిషిగా అమ్మాజీ చీపురు, ఫినాయిలు బకెట్టు పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర ఆగిపోయి నుదురు తడుముకుంది.

“అక్కా, బొట్టు తుడిచెయ్యనా? గ్రేసు తోడికోడలంటే నమ్మరేమో.”

ఎలీసబెతు ఆమె చేతి మీద ఒక్కటి వేసింది. “మొగుడు బతికుండగా బొట్టు తుడుచుకుంటావంటే, బుద్ధుందా నీకు? ఉంచు. మన మొహం ఎత్తి చూసినప్పుడు కదా బొట్టు కనపడేది. పన్నెండేళ్ళనుంచి చేస్తన్నాను, ఆయన నా పేరు ఇంకా మరియమ్మ అనుకుంటన్నాడు.”

అది అబద్ధం కాదు. ఆ ఆదివారం గంటసేపు పిల్లాడి మంచం దగ్గర నిలబడి ఏడ్చిన మనిషి, మూడు రోజులు తిరక్కుండా బుధవారం పొద్దున్న పూర్ణచంద్రరావు బూట్ల పక్కన నేల తుడిచింది. ఆయన కాలు ఎత్తి తడి తగలకుండా దాటాడు. అంతే. రాజమ్మ మాత్రం ఒక క్షణం తేరిపార చూసింది. ఎలీసబెతు ఆమె కళ్ళలోకి చూసింది. రాజమ్మకు ముగ్గురు పిల్లలు. వెంటనే ఆమెకు ఇంజెక్షన్ సూదులు మరిగించే పని గుర్తొచ్చింది.

“మీద పడబోకు,” అని ఎలీసబెతు అమ్మాజీకి ముందే చెప్పింది. “వాడికి నీ మీద కోపం. నీ పాటికి నువ్వు తుడుచుకుంటా ఉండు. రోజూ వస్తన్నావని వాడికి తెలియనియ్యి.”

మొదటిరోజు పిల్లాడు చూడలేదు. రెండోరోజు చీపురును చూశాడు. మూడోరోజు ఆమె మంచం కిందినుంచి ఇవతలికి వచ్చేసరికి వాడి తల అటు తిరిగి ఉంది. నాలుగోరోజు ఆమె వార్డు దాటి బయటికి వెళ్తుంటే వాడు ఒక్కసారిగా బావురుమన్నాడు. కాళ్ళు కట్టిన కడ్డీ ఊగిపోయేలా ఏడ్చాడు.

నా బల్ల దగ్గరికి ఎలీసబెతు పరుగున వచ్చింది. “ఏడ్చాడండీ మాస్టారూ! దేవుడికి స్తోత్రం, బ్రహ్మాండంగా ఏడుస్తన్నాడు!”

పూర్ణచంద్రరావుకు ఆ సంగీతం నచ్చలేదు. సెటిలైన పిల్లాడు మళ్ళీ చెడిపోయాడని తేల్చి, క్రమశిక్షణ కోసం వాణ్ణి మంచంతో సహా చివరి ఒంటరి గదిలోకి తోయించాడు. ఆ గదిలోకి డాక్టరు, మేట్రన్, ఆయా, ఊడ్చే మనిషి తప్ప ఎవరూ పోకూడదని ఆజ్ఞ. తలుపు కూడా వేసి ఉంచాలి.

అంతకన్నా మేలు ఆయన కావాలని చేసినా చెయ్యలేకపోయేవాడు. ఆ గది అంత శుభ్రమైన గది ఆ రోజుల్లో జిల్లా మొత్తంలో లేదు. అమ్మాజీ దాన్ని పూటకు మూడు గంటలు తుడిచేది. నేల అరిగి పునాది కనబడిందని నేనంటే అది నా అలవాటు అనుకోండి. వాడు ఆమెను కొట్టాడు, గిల్లాడు, చెంప మీద కరిచాడు. మూడోరోజున ఆమె కొంగును పిడికిట్లో చుట్టుకుని నిద్రపోయాడు. ఆమె ఒంటిగంటనుంచి నాలుగుదాకా అలాగే మంచం పక్కన నేలమీద కూర్చుంది. ఎవరైనా వస్తే తుడుస్తున్నట్టు ఉండాలని చేతిలో తడిగుడ్డ పట్టుకుని.

వాడు తింటున్నాడు, నవ్వుతున్నాడు, బరువు పెరిగాడు. పూర్ణచంద్రరావు ఉబ్బిపోయాడు. “చూశారా మాస్టారూ? పూర్తి ఒంటరితనం! తల్లి కాదు కదా, తల్లి నీడ కూడా లేదు. ఇదీ ఫలితం.” వ్యాసానికి ఇంకో మూడు పేజీలు పెరిగాయి. నేను కామాలు పెట్టాను.

కట్లు విప్పిన వారానికి విశాఖ నుంచి పిల్లల మనస్తత్వం బోధించే ప్రొఫెసరమ్మ ఒకావిడ వేరే పనిమీద బందరు వచ్చింది. ఈయన వెళ్ళి ఆవిడను పట్టుకొచ్చాడు. కాఫీ ఇప్పించి, తన అద్భుతం చూపిస్తానని ఒంటరి గదికి నడిపించాడు. వెనక రాజమ్మ, ఎలీసబెతు, కాగితాల కట్టతో నేను.

శోభనాద్రి చాప మీద కూర్చుని డబ్బామూతలతో ఆడుతున్నాడు. అమ్మాజీ మూల తుడుస్తోంది. పిలవని పేరంటంలా ఇంతమందిమి ఒక్కసారి వచ్చేసరికి ఆమె పాలిపోయింది.

“నెలరోజులుగా ఈ పిల్లాడి దగ్గర అయినవాళ్ళు ఒక్కరు లేరు మేడమ్,” అన్నాడు పూర్ణచంద్రరావు. “గదిలో వదిలేసి మనం వెళ్ళిపోయినా చలించడు. చూస్తారుగా. ఏయ్ అమ్మాయ్, నువ్వు ముందు బయటికి నడువు.”

అమ్మాజీ బకెట్టు తీసుకుని బయటికి వెళ్ళింది. మూత వాడి చేతిలోంచి జారింది. తలుపు వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఆ కేక వర్ణించను, ఇప్పటికే నా మాట మీద మీకు అనుమానం.

“చీమ కుట్టి ఉంటుంది,” అన్నాడు డాక్టరు. రాజమ్మ వంగి చాప ఎత్తి చీమ కోసం వెతికింది.

ప్రొఫెసరమ్మ చీమ కోసం వెతకలేదు. “ఆవిణ్ణి ఒకసారి లోపలికి రమ్మనండి,” అంది.

అమ్మాజీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాడు రెండు చేతులూ పైకి చాపాడు. ఆమె కదల్లేదు. తడిచేతులు చీరకు తుడుచుకుంటూ ఎలీసబెతు వైపు చూసింది.

“ఎత్తుకో అమ్మాజీ,” అంది ఎలీసబెతు. “ఇంక చాల్లే. ఎత్తుకో.”

ఎత్తుకుంది. వాడు ముందు ఆమె చెంప మీద ఒకటి కొట్టి, తర్వాత మెడలో మొహం దాచుకున్నాడు.

“ఈవిడ ఎవరండీ?” అంది ప్రొఫెసరమ్మ.

“స్వీపరు మేడమ్.”

“పేరు?”

పూర్ణచంద్రరావు రాజమ్మ వైపు చూశాడు. రాజమ్మ పైనున్న ఫాను వైపు చూసింది.

“డాక్టరుగారూ,” అంది ప్రొఫెసరమ్మ నెమ్మదిగా, “ఈ పిల్లాడికి ఈవిడ తల్లి అయినా అయి ఉండాలి, తల్లికన్నా ఎక్కువైనా అయి ఉండాలి.”

“తల్లినేనండీ,” అంది అమ్మాజీ. “తప్పు చేశానండయ్యా. మా అక్కనేమీ అనబోకండి. నా బిడ్డని నాకిచ్చెయ్యండి, ఎల్లిపోతాం.”

ఆ నిమిషాన పూర్ణచంద్రరావు మొహంలో మనిషి అన్నవాడు ఎక్కడైనా తొంగిచూస్తాడేమోనని ఆశగా చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు, టై సర్దుకున్నాడు. “ఎగ్జాక్ట్లీ! నేను మీకు చూపించాలనుకున్నది ఇదే మేడమ్. మా ఏర్పాటే. తల్లిని తల్లి అని చెప్పకుండా దగ్గర ఉంచడం. కొత్త పద్ధతి.”

ప్రొఫెసరమ్మ ఆయనను చాలాసేపు చూసింది. “చాలా కొత్త పద్ధతి,” అని, ఎలీసబెతు దగ్గరికి వెళ్ళి ఆమె పేరు అడిగి కాగితం మీద రాసుకుంది. తన చిరునామా ఉన్న కార్డు నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రమే వ్యాసం పేరు మారింది. నా పనల్లా ‘అక్కర్లేదు’ అన్నచోట ‘అత్యవసరం’ అని దిద్దడమే. అంకెలు ఒక్కటి కూడా మార్చనక్కర్లేకపోయింది, ఎటూ అవి దేనికీ సంబంధించినవి కావు. సభలో చప్పట్లు బాగానే పడ్డాయట. తల్లులను వార్డులోకి రానిచ్చాడు, ఒక షరతు మీద. వచ్చినవాళ్ళు వార్డు ఊడ్చి తుడవాలి. సిద్ధాంతంలో ఆయనకు అర్థమైన భాగం అదొక్కటే. గ్రేస్ బిడ్డను ఎత్తుకుని పనిలోకి తిరిగి వచ్చేసరికి ఆమె చీపురు నలుగురు తల్లుల చేతుల్లో ఉంది, ఆమెకు పనిలేదన్నారు.

ఎలీసబెతు డాక్టరు గదిలోకి తిన్నగా వెళ్ళింది. తలుపు బయటినుంచి విన్నాను, దాచను.

“గ్రేసుని ఆయాగా వేసుకోండయ్యగారూ.”

“ఖాళీ లేదు మరియమ్మా.”

“ఎలీసబెతండీ. విశాఖ మేడమ్‌గారి అడ్రసు మాస్టారి దగ్గర ఉందండీ. ఆ పద్ధతి ఎవరు పెట్టారో, ఎట్టా పెట్టారో రాసి పంపమన్నారటండీ. మాస్టారికి ఇంగ్లీషు బాగా వచ్చంటగా.”

గ్రేస్ మర్నాటినుంచి ఆయా. ఎలీసబెతు పేరు కూడా ఆయనకు ఆ రోజునుంచి నోరు తిరిగింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో శోభనాద్రిని కాలు చూపించడానికి తీసుకొచ్చారు. పూర్ణచంద్రరావు టేపు పెట్టి రెండు కాళ్ళూ కొలిచి, సమానంగా ఉన్నాయని, పూర్తిగా నయమైందని కాగితం రాసిచ్చాడు. నిజానికి ఆ మాట తన వ్యాసంలో ఎప్పుడో రాసేశాడు.

వరండా మెట్ల మీద అమ్మాజీ, పక్కన ఎలీసబెతు. పిల్లాడు తల్లి మోకాళ్ళ మధ్య ఇరుక్కుని, కొంగు రెండు చుట్లు చేతికి చుట్టుకుని నిలబడ్డాడు.

“కాలు బాగానే ఉందక్కా. వీడే బాలేదు,” అంది అమ్మాజీ. “ఏడాదైంది. దొడ్లోకెళ్తే తలుపవతల కూకుంటాడు. నాట్లకెళ్తే గట్టు మీద కూకోడు, బురదలోకి వచ్చేస్తాడు. మా అత్త అంటది, నాలుగు తగిలిస్తే అదే వదుల్తాడని.”

“మీ అత్తకి నాలుగు తగిలించు. కొంగు మాత్రం లాక్కోబోకు. వాడు నమ్మినప్పుడు వాడే వదుల్తాడు.”

“ఎప్పుడక్కా?”

అది ఎలీసబెతుకూ తెలియదు. ఆ ఉప్పెన పిల్లలలో కొందరు పెళ్ళీడు వచ్చినా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవారని ఆమె వింది.

గేటు దగ్గర గిలకలదిండి మనిషి ఎవరో బుట్ట దించి లోపల ఉన్న తన పిల్లాడి కోసం వెళ్ళాడు. బుట్టలో బతికున్న పీతలు గరగరలాడుతున్నాయి. శోభనాద్రి మెడ చాచి చూశాడు. కొంగు ఒక చుట్టు విప్పాడు. చెయ్యి వదలకుండా ఎంతవరకు వెళ్ళగలడో అంతవరకు వెళ్ళాడు. తర్వాత వదిలాడు. నాలుగడుగులు వేసి గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. తల్లి అక్కడే ఉంది. పరుగున వచ్చి ఆమె మోకాలు ముట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. సగం దూరంలో మరోసారి తిరిగి చూశాడు. అమ్మాజీ లేవబోయింది. ఎలీసబెతు ఆమె భుజం మీద చెయ్యివేసి అదిమి కూర్చోబెట్టింది.

మూడోసారి వాడు తిరిగి చూడలేదు. బుట్ట పక్కన గొంతుక్కూర్చుని, ఒక పుల్ల వెతుక్కుని లోపలికి పొడిచాడు. పీత పుల్లను పట్టుకుంది. వాడు లాగాడు, అది వదల్లేదు. వాడు గట్టిగా అరిచాడు, తల్లి కోసం కాదు, పుల్ల కోసం.